వాలు నేలపై మెట్ల అరుగులు

“నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు” అన్నది మన పెద్దల సామెత. రెండవ సగమును గూర్చి వేదాంతులు చర్చింతురు గాక, మొదటి సగమును గూర్చి మాత్రము ఇల్లు కట్టుకొను ప్రతివాడును ఆలోచింపక తప్పదు. నేల ఏటవాలుగా ఉన్నచోట ఇల్లు కట్టి, ఆ ఇంటి ముందో వెనుకనో కూర్చొనుటకు, బట్టలారవేసికొనుటకు, నాలుగు మొక్కలు పెంచుకొనుటకు చదునైన జాగాను సంపాదించుకొనుట ఎట్లు? ఎండ నిప్పులు చెరుగునట్టియు, వాన అరుదుగా కురిసినను కురిసినప్పుడు కుండపోతగా కురియునట్టియు మన ప్రాంతములో ఆ చదును నిలుచుట ఎట్లు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానమును మా విద్యార్థులకు అర్థమగు తీరున వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

భాషోపాధ్యాయులమైన మాకు నిర్మాణ శాస్త్రముతో పని యేమని ఎవరైన అడుగవచ్చును. వాలు నేలకును మన రెండు భాషలకును గల చుట్టరికము చాల గట్టిది. తెలుగులో గుట్ట, మిట్ట, మెట్ట, తిప్ప, దిబ్బ, బండ అని ఎత్తులకు ఎన్ని పేర్లున్నవో చూడుడు. పల్లము, లోయ, వాగు, వంక, కుంట అని లోతులకును అన్ని పేర్లున్నవి. జీవితమందలి కష్టసుఖములను మనము “మిట్టపల్లాలు” అంటాము. ఉర్దూ వారు సరిగా అదే భావమును “నషేబ్-ఓ-ఫరాజ్” అంటారు. తెలుగువారి అరుగు ఉర్దూవారి చబూతరా. ఇంటి ముంగిట చదునైన బయలు వారికి సహన్, మనకు వాకిలి. మన్నును ఆపి నిలబెట్టు గోడను ఉర్దూలో పుష్తా అంటారు. మన మేస్త్రీలు “రివిట్‌మెంటు గోడ” అంటారు. ఈ రోజులలో సంపన్నుల ఇళ్ళ నమూనాలలో “డెక్” అను పేరుతో కనబడు చెక్క వేదిక కూడ ఈ కుటుంబములోనిదే. పేరేదైనను పని ఒక్కటే: వాలును మెట్లుగా మలచి మనిషి కాలూనుటకు చోటు కల్పించుట.

మన చుట్టునున్న నేల

ఎస్.ఆర్. నగర్ నుండి మన కళాశాల విద్యార్థులు నాలుగు దిక్కులకు ఇళ్ళకు పోతారు. యూసుఫ్‌గూడ, రహమత్ నగర్, బోరబండ వైపు పోవువారు ఎక్కుతూ పోతారు. బల్కంపేట, బేగంపేట వైపు పోవువారు దిగుతూ పోతారు. పంజాగుట్ట పేరులోనే గుట్ట ఉన్నది, బోరబండ పేరులోనే బండ ఉన్నది. బల్కంపేట ఎల్లమ్మ గుడిలో అమ్మవారి విగ్రహము నేలమట్టమునకు సుమారు పది అడుగుల క్రింద, బావిలో ఉన్నది. ఆ చోట భూగర్భజలము ఎంత పైకి వచ్చునో దానిని బట్టియే ఊహింపవచ్చును.

ఈ నేల వాలును కొలతలలో చెప్పుకొన్నచో విషయము ఇంకను స్పష్టమగును. హుస్సేన్ సాగర్ నిండు నీటి మట్టము సముద్రమట్టమునకు సుమారు 513 మీటర్ల ఎత్తున ఉన్నది. బంజారా హిల్స్ లోని ఎత్తైన చోటు 670 మీటర్ల పైమాట. కొద్ది కిలోమీటర్ల దూరములో నూటయేబది మీటర్లకు మించిన తేడా ఇది. ఆ ఎత్తులకును ఆ చెరువుకును నడుమ వాలున అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్ ప్రాంతములున్నవి. 1562 ప్రాంతమున ఇబ్రహీం కుతుబ్ షా కాలములో ఆ చెరువును కట్టించినవారు ఈ వాలును చక్కగా గుర్తించినవారే.

ఈ గుట్టలన్నియు గ్రానైటు రాయి. సుమారు రెండువందల యేబది కోట్ల సంవత్సరముల నాటి రాయి యని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. ఈ రాతిలో నిలువుగను అడ్డముగను చీలికలుండును. నీరు ఆ చీలికలలో దిగి, అంచులను కరగించి, రాతిని గుండ్రని గుండ్లుగా విడదీయును. అట్లు అరిగిపోయిన రాతిపొడియే మనము మొరము అని పిలుచునది. కావున మన వాలు నేలను త్రవ్వినచో మూడు పొరలు కనబడును: పైన పలుచని ఎర్రమన్ను, దాని క్రింద మొరము, ఆ క్రింద గట్టి బండ, వాని నడుమ అక్కడక్కడ ఒంటరి గుండ్లు. పునాదికి ఎర్రమన్ను పనికిరాదు. గట్టి మొరము గాని బండ గాని తగులువరకు త్రవ్వవలె. గుండు మాత్రము మోసము చేయును. పైకి బండవలె కనబడి, క్రింద మెత్తని మన్నుపై ఆనుకొని ఉండవచ్చును.

ఇక వాతావరణము. హైదరాబాదు ఎడారి కాదు. కాని శాస్త్రజ్ఞులు దీనిని అర్ధశుష్క ప్రాంతముగా లెక్కింతురు. సంవత్సరమునకు సగటున ఎనిమిదివందల మిల్లీమీటర్ల వాన. అందులో పెద్ద భాగము జూన్ నుండి సెప్టెంబరు లోపలనే కురియును. మిగిలిన నెలలలో నేల ఎండి బీటలు వారును. ఆపైన ఒక్కొక్కరోజు ఆకాశము చిల్లు పడినట్లు కురియును. 2000 ఆగస్టు 24న ఇరువదినాలుగు గంటలలో 241.5 మిల్లీమీటర్ల వాన పడినది. అనగా ఏటి వానలో దాదాపు మూడవ వంతు నొక్క దినములో చూచినాము. ఎడారి దేశముల వలె మనకును వాన తక్కువ, వాని వలెనే వచ్చిన వాన ఉధృతము ఎక్కువ. మెట్ల అరుగు కట్టువాడు ఈ రెండింటిని ఒకేసారి దృష్టిలో నుంచుకొనవలె.

పూర్వులు చూపిన త్రోవ

వాలును జయించుటలో మన నగరము ఎవరికిని తీసిపోదు. గోల్కొండ కోటయే దీనికి గొప్ప పాఠ్యగ్రంథము. సుమారు నాలుగువందల అడుగుల ఎత్తైన గ్రానైటు గుట్టపై కుతుబ్ షాహీలు గుట్టను తెగనరికి ఒకే చదునుగా మార్చలేదు. గుట్ట ఎక్కడ కొంచెము సాగిలపడినదో అక్కడ ఒక అంతస్తు వేసినారు. ఎక్కడ గుండు అడ్డము వచ్చినదో అక్కడ దానినే గోడలో ఒక భాగముగా కలుపుకొన్నారు. ఇబ్రహీం మసీదు ఒక మట్టమున, గుండ్ల నడుమ అమ్మవారి గుడి ఒక మట్టమున, శిఖరమున బారాదరి. నీటిని కూడ ఒక్క ఊపున పైకి ఎక్కించలేదు. చక్రముల సాయమున ఒక తొట్టి నుండి మరియొక తొట్టికి, అంచెలంచెలుగా మట్టి గొట్టముల ద్వారా ఎక్కించినారు. ఎక్కుట అంచెలుగా, దిగుట అంచెలుగా అను సూత్రము అక్కడ మనుష్యులకును వర్తించినది, నీటికిని వర్తించినది.

మనకు మరింత చేరువలో బంజారా హిల్స్ కథ ఉన్నది. నిజాం ప్రభుత్వములో ఉన్నతోద్యోగి, 1960లో గుజరాత్ రాష్ట్రమునకు తొలి గవర్నరు అయిన మెహదీ నవాజ్ జంగ్ ఆ గుట్టలపై మొదట ఇల్లు కట్టుకొన్నవారిలో ఒకరు. ఆయన గుండ్లను పగులగొట్టింపక, ఇంటిని వాని నడుమ ఇమిడ్చినారు. 1933లో రవీంద్రనాథ ఠాగూరు నగరమునకు వచ్చినపుడు ఆయనకు అతిథిగా అక్కడ ఉండి, ఆ కొండను గూర్చి ఒక కవిత వ్రాసినారు. తరువాతి కాలములో ఆ గుట్టల నెందరో చదును చేసినారు. మిగిలిన రాళ్ళనైన కాపాడుకొందామని 1996లో “సొసైటీ టు సేవ్ రాక్స్” అను సంస్థ వెలసినది. 1976లో పూర్తియైన బిర్లా మందిరమును కూడ చూడుడు; నౌబత్ పహాడ్ పై పాలరాతి మెట్లు, చదునులు, మరల మెట్లు. భక్తుడు ఆయాసపడక పైకి చేరును.

దేశాంతరములలోను ఇదే తీరు. లాహోరులో షాజహాను కాలమున, 1641–42లో వెలసిన షాలిమార్ తోట మూడు అంతస్తులు. నీరు పై అంతస్తు నుండి క్రిందికి దుముకుచు పోవును. కాశ్మీరమందలి నిషాత్ బాగ్ పండ్రెండు అంతస్తులు. బార్కస్ నివాసుల పూర్వులు అరబ్బు దేశమునకు దక్షిణమున ఉన్న యెమెన్ ప్రాంతమువారు. ఆ దేశపు కొండలలో వేల సంవత్సరములుగా రాతికట్టలు కట్టి మెట్ల సేద్యము చేస్తున్నారు. మన అరకు, పాడేరు గిరిజన రైతుల మెట్ల మడులు కూడ ఆ కోవలోనివే.  వాలు నేలయే అందరికిని ఒకే పాఠమును చెప్పినది.

ఒక్క గోడయా, మూడు గోడలా?

ఇక అసలు విషయము. నలువది అడుగుల పొడవున పది అడుగులు దిగిపోవు పెరడు ఒకటి యున్నదని ఊహించుకొందాము. దానిని చదును చేయుటకు మొదట తోచు ఉపాయము, దిగువ అంచున పది అడుగుల గోడ కట్టి, వెనుక మన్ను నింపివేయుట. చూచుటకు సులభము, వాడుకొనుటకు విశాలము. కాని ప్రమాదమంతయు అందులోనే ఉన్నది.

మన్ను తన బరువుచేత గోడను ప్రక్కకు నెట్టును. ఆ నెట్టుడు పైన సున్న, క్రిందికి పోవుకొలది ఎక్కువ. అందుచేత గోడ ఎత్తు రెట్టింపైనచో మొత్తము నెట్టుడు రెండు రెట్లు గాక నాలుగు రెట్లగును. గోడను బోర్లదోయు శక్తి ఎనిమిది రెట్లగును. మూడు మీటర్ల గోడను, అనగా సుమారు పది అడుగుల దానిని, పొడి మొరము ప్రతి మీటరు పొడవునను దాదాపు 2.7 టన్నుల బలముతో నెట్టును. అదే ఎత్తును ఒక్కొక్క మీటరు చొప్పున మూడు గోడలుగా విభజించినచో, ఒక్కొక్క గోడపై నెట్టుడు తొమ్మిదవ వంతు, అనగా 0.3 టన్ను మాత్రమే. మూడింటిని కలిపినను మొదటి దానిలో మూడవ వంతు. ఒక్కొక్క గోడను బోర్లదోయు శక్తి ఇరువదియేడవ వంతునకు దిగును. మెట్ల అరుగు అందము కొరకు పుట్టినది కాదు, ఈ లెక్కలో నుండి పుట్టినది.

ఇందులో ఒక నియమము ఉన్నది. పై గోడ బరువు క్రింది గోడపై పడకూడదు. రెండు గోడలను దగ్గర దగ్గరగా కట్టినచో మన్ను వానిని వేరు గోడలుగా చూడదు, ఒకే పెద్ద గోడగా చూచును. కావున పై గోడ క్రింది గోడకు, దాని ఎత్తునకు కనీసము రెండు రెట్ల దూరమున వెనుకగా ఉండవలెనని వాడుక. మన ఉదాహరణలో గోడ ఎత్తు మూడడుగుల నాలుగంగుళములు. దూరము ఏడడుగులకు తగ్గరాదు. నలువది అడుగుల పెరటిని మూడు భాగములు చేసినచో ఒక్కొక్కటి పదమూడడుగులు వచ్చును. నియమమునకు లోబడి ఇంకను కావలసినంత చోటు మిగులును.

నీరే అసలు శత్రువు

పై లెక్క పొడి మన్నునకు సంబంధించినది. గోడ వెనుక నీరు నిలిచినచో లెక్క తారుమారగును. నీటికి మన్ను వలె తనను తాను పట్టుకొను గుణము లేదు. దాని బరువంతయు గోడపైననే చూపును. అదే మూడు మీటర్ల గోడ వెనుక నీరు అంచువరకు నిండినపుడు నెట్టుడు మీటరునకు 2.7 టన్నుల నుండి సుమారు 6 టన్నులకు పెరుగును. ఎనిమిది నెలలు నిబ్బరముగా నిలిచిన గోడ ఒక్క రాత్రి వానకు కూలుటలోని రహస్యమిదే. అది నిన్నటి గోడయే. దానిపై పడిన బరువు మాత్రము నిన్నటిది కాదు.

ఈ మాటలు కేవలము పుస్తకములలోనివి కావు. 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోతలో బండ్లగూడ ప్రాంతపు మహమ్మదియా హిల్స్ లో ఎగువనున్న ప్రహరీ గోడ కూలి దిగువ ఇళ్ళపై పడగా, పసిబిడ్డతో సహా పలువురు నిద్రలోనే ప్రాణములు కోల్పోయినారు. 2024 మే 7 సాయంత్రపు వానకు బాచుపల్లిలో కట్టుచున్న ఒక భవన సముదాయపు మన్నాపు గోడ కూలి, ప్రక్కనే రేకుల షెడ్లలో నివసించుచున్న ఏడుగురు మరణించినారు. వారిలో నాలుగేండ్ల బాలుడు ఒకడు. మృతులు ఇతర రాష్ట్రముల నుండి కూలికి వచ్చినవారు. రెండు చోట్లను గోడ పడినది దిగువవారి మీద. వాలు నేల మీద గోడకు ఈ స్వభావము ఉన్నది: కట్టువాడు పైన ఉండును, దాని క్రింద పడువాడు వేరొకడు.

కావున గోడ బలముపై పెట్టు శ్రద్ధకంటె నీరు పోవు దారిపై పెట్టు శ్రద్ధ రెట్టింపు ఉండవలె. నూరు చదరపు మీటర్ల పెరటిపై ఒక్క మిల్లీమీటరు వాన పడినచో నూరు లీటర్ల నీరు. 2000 ఆగస్టు నాటి వంటి వాన పడినచో ఇరువదినాలుగు వేల లీటర్ల పైచిలుకు. పైన ఇంటి కప్పు నుండి వచ్చునది దీనికి అదనము. ఈ నీటిని మొదటనే దారి పట్టింపనిచో అది తన దారి తాను చూచుకొనును. నీరు పల్లమెరుగును గదా.

కట్టుబడి క్రమము

అనుభవజ్ఞులైన మేస్త్రీలను, తరతరములుగా రాతిపని చేయు వడ్డెర పెద్దలను మేము అడిగి తెలిసికొన్న క్రమము, ఇంజనీరింగు గ్రంథములతో సరిపోల్చి చూచిన తరువాత, ఈ విధముగా ఉన్నది.

మొదట కొలత. పెరటి పై అంచున ఒక మేకు, క్రింది అంచున ఒక మేకు పాతి, నీళ్ళు నింపిన సన్నని పారదర్శక గొట్టముతో మట్టము చూడవలె. రెండు కొసలలోని నీరు ఎప్పుడును ఒకే మట్టమున నిలుచును. మన కంటికి కనబడు వాలుకును గొట్టము చూపు వాలుకును తరచు తేడా ఉండును.

రెండవది మన్ను సర్దుబాటు. ప్రతి మెట్టులోను పై సగము నుండి త్రవ్విన మన్నును క్రింది సగములో నింపినచో బయటినుండి తేవలసినది గాని బయటికి పంపవలసినది గాని ఉండదు. నింపిన మన్నును ఒకేసారి కుమ్మరింపరాదు. ఆరు నుండి తొమ్మిది అంగుళముల పొరలుగా వేసి, తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టవలె. ఎంత కొట్టినను నింపిన మన్ను కొంత క్రుంగును. కావున దానిపై బండలు పరచుటకు ముందు ఒక వర్షాకాలము గడవనిచ్చుట మంచిది. మలపు గుంటను గాని నీటి సంపును గాని నింపిన మన్నులో కట్టరాదు.

మూడవది గోడ. మీటరు ఎత్తు రాతిగోడకు అడుగు భాగము వెడల్పు కనీసము అర మీటరు ఉండవలె. గట్టి మొరములోనికి అడుగున్నర నుండి రెండడుగుల పునాది దిగవలె. గోడ ముఖమును నిట్టనిలువుగా గాక, కొంచెము వెనుకకు, మన్ను వైపునకు వాల్చి కట్టవలె. ముందు రాళ్ళను వెనుక రాళ్ళతో పట్టి ఉంచుటకు గోడ వెడల్పంతయు దూరిపోవు కట్టురాళ్ళు అక్కడక్కడ వేయవలె. ముఖమునకు చెక్కిన రాయి పేర్చి, నడుమ చెత్తరాయి నింపిన గోడ చూపులకే గోడ.

నాలుగవది గోడ వెనుక భాగము. ఇదియే అందరును మరచు చోటు, ఏలననగా పని పూర్తియైన తరువాత ఎవరికిని కనబడదు. గోడకు ఆనుకొని అడుగు వెడల్పున కంకర, రాతి ముక్కలు అడుగు నుండి పైవరకు నింపవలె. గోడ పాదమున, మీటరున్నర నుండి రెండు మీటర్లకొకటి చొప్పున, మూడు నాలుగంగుళముల గొట్టములు ముందుకు వాలునట్లు అమర్చవలె. వాన వెలిసిన తరువాత ఆ రంధ్రముల నుండి నీరు కారుచుండినచో గోడ ఆరోగ్యముగా ఉన్నట్లు. వానిని తడి మరక పడుచున్నదని సిమెంటుతో మూయువారు కలరు. అది రోగి చెమటను చూచి చర్మమునకు రంగు పూసినట్లుండును.

అయిదవది ఉపరితలము. ప్రతి అంతస్తును నూరడుగులకు ఒకటి రెండడుగుల చొప్పున వాల్చవలె. ఆ వాలు గోడ అంచు వైపునకు గాక, ప్రక్కనున్న కాలువ వైపునకు ఉండవలె. కాలువ అంతస్తు నుండి అంతస్తునకు మెట్లుగా దిగి, అట్టడుగున ఇంకుడు గుంతలో కలియవలె. ఇంకుడు గుంతను గోడ వెనుక పై మట్టమున త్రవ్వుట, కోరి శత్రువును ఇంటికి పిలుచుటయే. మిగులు నీరు పొరుగువాని పెరటిలోనికి గాక వీధి కాలువలోనికి పోవు ఏర్పాటు తప్పక ఉండవలె.

ఆరవది మెట్లు, కటకటాలు. మన ఉదాహరణలో ఒక్కొక్క గోడకు ఏడేసి మెట్లు వేసినచో ఒక్కొక్కటి ఆరంగుళములకు కొంచెము తక్కువ ఎత్తు వచ్చును. వెడల్పు పండ్రెండంగుళములు. ముసలివారు కూడ సుఖముగా ఎక్కుదురు. అన్ని మెట్లును సమానమైన ఎత్తున ఉండుట ముఖ్యము. ఒక్క మెట్టు అంగుళము ఎక్కువైనను చీకటిలో కాలు తట్టుకొనును. పిల్లలున్న ఇంటిలో ప్రతి అంచునను మూడున్నర అడుగుల కటకటా ఉండవలె.

చెక్కయా, రాయియా?

విదేశములలో పెరటి వేదికను తరచు చెక్కతో కట్టుదురు. చెక్క వేదికకు ఒక సుగుణము ఉన్నది: అది గుంజలపై నిలుచును గాన మన్ను నింపవలసిన పని లేదు, గోడపై నెట్టుడు లేదు, వాన నీరు క్రింది నుండి స్వేచ్ఛగా పోవును. మిక్కిలి ఏటవాలైన చోట, గుండ్లు అడ్డమున్న చోట ఇది తగిన ఉపాయమే. కాని మన ఎండకు చెక్క ముడుచుకొని పగులును, వానకు ఉబ్బును, చెదలు ఎల్లప్పుడును పొంచియుండును. కట్టదలచినవారు టేకువంటి గట్టి కలపను ఎంచుకొని, పలకల నడుమ సందు వదలి, గుంజలను నేలలో పాతక రాతి దిమ్మెలపై నిలుపవలె. మన పాత మండువా ఇళ్ళలో కొయ్య స్తంభములు రాతి దిమ్మెలపై నిలుచుటకు కారణము అలంకారము మాత్రమే కాదు. తడిని, చెదలను దూరముగా ఉంచుటయే. కొయ్యపొడిని ప్లాస్టిక్కును కలిపి చేయు కొత్త పలకలకు చెదలు పట్టవు గాని, వేసవి మధ్యాహ్నము వానిపై వట్టికాళ్ళతో నిలుచుట కష్టము.

రాయి విషయములో, తాండూరు బండలు, షాబాదు బండలు మనకు చేరువలో దొరకునవి, కాలికి పట్టునిచ్చునవి. నునుపు చేసిన నల్ల గ్రానైటు ఎండలో పెనమువలె కాలును, వానలో జారును. గచ్చు వేయదలచినవారికి డంగు సున్నము ఉన్నది. 2013 తరువాత కుతుబ్ షాహీ సమాధులను పునరుద్ధరించినవారు మునుపటి మరమ్మతులలో పూసిన సిమెంటును తొలగించి మరల సున్నమునే వాడినారు. సున్నము నెమ్మదిగా గట్టిపడును, కాని తడిని లోపల బంధింపదు. అక్కడి బడీ బావి 2013 వానలకు కొంత కూలి, తరువాత మరల నిలిచినది. గోల్కొండ మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారము లభించినది.

ఏ వస్తువు వాడినను నీడ లేనిచో వేదిక వ్యర్థము. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది గాన మే రెండవ వారములోను, ఆగస్టు మొదటి వారములోను మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తిన నిలుచును. అనగా వేసవిలో ప్రక్క గోడ నీడ మధ్యాహ్నమునకు పనికిరాదు. నీడ పైనుండి రావలె. తాటాకు పందిరియో, తీగ పాకిన పందిరియో దానికి తగినది. సాయంత్రపు ఎండ పడమట నుండి ఏటవాలుగా వచ్చును గాన ఆ వైపు ఒక వేపచెట్టో కానుగచెట్టో చాలును. రాయి పగలంతయు మ్రింగిన వేడిని రాత్రి బయటికి విడుచును. కావున పడుకొను గది కిటికీ ముందు రాతి చదునును గాక, మొక్కల మడిని ఉంచుట మేలు.

మొక్కల ఎంపికలోను వివేకము కావలె. రావి, మర్రి, మేడి వేళ్ళు గోడ సందులలో దూరి రాతిని రాతి నుండి విడదీయును. మొలక కనబడిన వెంటనే తీయవలె. సీతాఫలము, తంగేడు తక్కువ నీటితో రాతి వాలున బ్రతుకునవి. వట్టివేరు లోతుగా దిగి మన్నును పట్టియుంచును. గోడకు దూరముగా, అంతస్తు నడుమ నాటిన మొక్క గోడకు మిత్రుడు. గోడ నెత్తిన నాటి రోజును నీరు పోయు మొక్క దానికి భారము.

పై ఇంటివాని బాధ్యత

విద్యార్థులారా, మీలో అనేకులు మూడు అంతస్తుల తోటలు గల ఇళ్ళవారు కారని మేమెరుగుదుము. అరువది గజముల జాగాలో, వాలున, ఒకరి గోడ మరొకరి కప్పునకు తాకునట్లు ఉన్న ఇళ్ళ నుండి వచ్చువారే ఎక్కువ. మీకు ఈ శాస్త్రము ఇంకను ఎక్కువ అవసరము. తోటగల ధనికుని గోడ కూలినచో అతని గులాబీలు పోవును. ఇరుకు బస్తీలో గోడ కూలినచో దిగువ ఇంటి బిడ్డలు పోవుదురు. వాలు నేలపై నివసించు ప్రతివాడును ఒకనికి పై ఇంటివాడు, మరొకనికి క్రింది ఇంటివాడు. తన నెత్తిపై ఉన్న గోడను గూర్చి ఎట్లు భయపడునో, తన కాళ్ళ క్రింద ఉన్న గోడను గూర్చి అట్లే బాధ్యత వహింపవలె.

గోడ చెప్పక కూలదు. అది ముందుగా చెప్పును, మనమే వినము. దాని నడుము ముందుకు ఉబ్బుట, గోడకును పైనున్న గచ్చునకును నడుమ చీలిక పడుట, నీటి రంధ్రముల నుండి తేట నీటికి బదులు బురద వచ్చుట, వానలలో సైతము ఆ రంధ్రములు పొడిగా ఉండుట, గోడకు ఆనుకొన్న స్తంభమో చెట్టో ఒరుగుట—ఇవి దాని మాటలు. వీనిలో ఏ ఒక్కటి కనబడినను ముందు దిగువవారికి చెప్పి, వాన రాత్రులు వారిని అక్కడ పడుకొననీయక, తరువాత ఇంజనీరుకు చూపవలె. అయిదడుగులకు మించిన గోడను మేస్త్రీ మాటపై మాత్రమే కట్టుట ఉచితము కాదు. లెక్క తెలిసిన ఇంజనీరు గీసిన నమూనాయు, నగరపాలక సంస్థ అనుమతియు తప్పక ఉండవలె.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒకటి ఉన్నది. ప్రతి సంవత్సరము జూన్ మొదటి వారములో, తొలకరికి ముందు, మన జాతీయ సేవా పథకపు విద్యార్థులు తమ తమ బస్తీలలోని మన్నాపు గోడలను చూచి, పైన చెప్పిన గుర్తులను ఒక కాగితముపై వ్రాసి తెచ్చు ఏర్పాటు చేయవచ్చును. దీనికి డబ్బుతో పని లేదు. ఒక నోటు పుస్తకము, ఒక కొలత టేపు, ఒక నీటి గొట్టము చాలును. ఆ కాగితములను మన ప్రాంతపు ఇంజనీరుకు అందజేసినచో, నూరు గోడలలో ఒక్కటి ముందుగా సరిచేయబడినను ఆ పని ఫలించినట్లే.

ఈ రాతి నేల మనకంటె ముందు నుండి ఉన్నది, మన తరువాతను ఉండును. దానిని తెగనరికి చదును చేయుదుమన్నవారికంటె, దాని వాలును గౌరవించి ఒక్కొక్క మెట్టుగా దిగివచ్చినవారి కట్టడములే ఇక్కడ నాలుగువందల ఏండ్లు నిలిచినవి. మన అరుగులు అంత కాలము నిలువవలసిన అవసరము లేదు. దిగువ ఇంటిలో పడుకొన్నవారు వాన చప్పుడు వినుచు నిర్భయముగా నిద్రింపగలిగినంత కాలము నిలిచినచో చాలును.